తీర్పు చదివిన మాస్టారు నోరు విప్పాలి

రాజ్యాంగ చట్టం బోధించే ప్రొఫెసరు క్లాసు చెప్పుకుని, పేపర్లు దిద్దుకుని ఊరుకోవాలా? లేక ఒక తీర్పు తప్పుగా వచ్చిందనిపిస్తే బయటికొచ్చి జనానికి చెప్పాలా? లా కాలేజీల్లో పనిచేసేవాళ్లం నలుగురం కలిస్తే ఈ చర్చ రాక తప్పదు. చాలామంది మొదటిదే పద్ధతి అంటారు. నేను ఒప్పుకోను. క్లాసులో చెప్పేది మా ఉద్యోగంలో సగమే. తీర్పును వాక్యం వాక్యంగా చదవడం మాకు వచ్చు, అందుకే జీతం తీసుకుంటున్నాం. ఆ చదవడంలో కనిపించిన తప్పును కింద పేరు రాసి మరీ బయటపెట్టడం మిగతా సగం.

ఇలా అనడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఉపేంద్ర బక్షి జీవితం. 1938లో రాజ్‌కోట్‌లో పుట్టిన మనిషి. బొంబాయిలోనూ, అమెరికాలోని బర్క్‌లీలోనూ చదువుకున్నారు. సిడ్నీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పి 1973లో ఢిల్లీ యూనివర్సిటీకి వచ్చారు. దక్షిణ గుజరాత్ యూనివర్సిటీకి, ఆ తర్వాత 1990 నుంచి 1994 దాకా ఢిల్లీ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేశారు. 1996లో ఇంగ్లండులోని వార్విక్ యూనివర్సిటీకి వెళ్లారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ బయోడేటాలో ఉండే సంగతులు. ఆయన్ని మిగతా ప్రొఫెసర్ల నుంచి వేరు చేసింది మాత్రం 1979 సెప్టెంబరు 16న భారత ప్రధాన న్యాయమూర్తి పేరిట రాసిన ఒక బహిరంగ లేఖ. బక్షితో పాటు లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ సంతకాలు చేశారు. నలుగురూ న్యాయశాస్త్ర అధ్యాపకులే.

ఆ లేఖ మథుర కేసు గురించి. దేశాయిగంజ్ అనే ఊరు అప్పట్లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు గడ్చిరోలి జిల్లా, అంటే మన ప్రాణహితకు అవతలి ఒడ్డున మొదలయ్యే జిల్లా. మథుర తల్లిదండ్రులు లేని ఆదివాసీ పిల్ల. పద్నాలుగు, పదహారేళ్ల మధ్య వయసు. అన్న దగ్గర ఉంటూ కూలికి పోయేది. తను ఇష్టపడిన కుర్రాడి కుటుంబం మీద అన్న కేసు పెట్టడంతో 1972 మార్చి 26 రాత్రి అందరినీ స్టేషన్‌కు పిలిపించారు. వాంగ్మూలాలు అయ్యాక మిగతావాళ్లను వెళ్లిపొమ్మని ఆ పిల్లను ఆపేశారు. తలుపులు వేసుకున్నాయి, దీపాలు ఆరిపోయాయి. అయినవాళ్లు బయట ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆమె బయటికొచ్చి, కానిస్టేబుల్ తనమీద అత్యాచారం చేశాడని చెప్పింది.

1974లో సెషన్స్ కోర్టు ఇద్దరు కానిస్టేబుళ్లనీ వదిలేసింది. ఆ పిల్ల పచ్చి అబద్ధాలకోరు అని, ఆమెకు ఇలాంటివి అలవాటేనని రాసింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ దాన్ని కొట్టేసి, భయంతో లొంగిపోవడం ఒప్పుకోవడం కాదని చెప్పి ఇద్దరికీ శిక్ష వేసింది. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మళ్లీ ఇద్దరినీ నిర్దోషులుగా తేల్చింది. తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం అన్న పేరుతో మా పుస్తకాల్లో ఉండే తీర్పు ఇదే. ఆమె ఒంటి మీద గాయాల గుర్తులు లేవు కాబట్టి జరిగింది ప్రశాంతంగా సాగిన వ్యవహారమేనని, గట్టిగా ప్రతిఘటించానని చెప్పిందంతా అబద్ధమని అందులో ఉంది. ఈ భాగం చదివించిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తలెత్తి, "సార్, ఇది నిజంగా సుప్రీంకోర్టు రాసిందేనా?" అని అడుగుతారు.

తీర్పు వచ్చాక ఏడాది గడిచింది. లా రిపోర్టుల్లో అచ్చయి, లైబ్రరీల్లో బైండు పుస్తకాల్లోకి చేరింది. ఈ నలుగురు దాన్ని చదివి ఏం చేశారో దగ్గరగా చూడాలి, ఎందుకంటే నా వాదనంతా అందులోనే ఉంది.

వాళ్లు తీర్పును తిట్టలేదు. కేసులో రుజువైన సంగతులనే తీసుకుని, వాటివల్ల తేలేది లొంగుబాటే గానీ సమ్మతి కాదని చూపించారు. సమ్మతి ఉన్నచోట లొంగడం ఉంటుంది, కానీ లొంగిన ప్రతిచోటా సమ్మతి ఉందని అనలేం అన్నారు. పోలీస్ స్టేషన్ లోపల ఇద్దరు పోలీసుల చేతికి చిక్కిన పిల్ల కేకలు పెట్టి సహాయం రప్పించుకోవాలని సర్వోన్నత న్యాయస్థానం ఆశిస్తోందా అని అడిగారు. ఆమె పేదరికం, వయసు, చట్టం తెలియకపోవడం, స్టేషన్ అంటే పేదవాళ్లకుండే భయం, వీటిలో ఒక్కదాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకోలేదన్నారు.

వాళ్లు చూపించిన మరో విషయం నా మట్టుకు నాకు ఇంకా గొప్పది. ఆడవాళ్లను విచారణ పేరుతో పోలీసులు స్టేషన్‌కు రప్పించకూడదని, వాళ్లుండే చోటికే వెళ్లి అడగాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పేది. అదే 1978లో, ఏప్రిల్ నెలలో, నందినీ శతపథి కేసులో ఇదే సుప్రీంకోర్టు ఈ విషయం మీద పోలీసులను గట్టిగా మందలించింది. నందినీ శతపథి ఒడిశా మాజీ ముఖ్యమంత్రి. ఆమె విషయంలో కోర్టుకు గుర్తొచ్చిన సెక్షన్, ఆరు నెలలు తిరక్కుండానే ఒక కూలి పిల్ల విషయంలో గుర్తు రాలేదు. ఆమెను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచడమే చట్టవిరుద్ధమన్న మాట తీర్పులో ఎక్కడా లేదు. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఇది కనిపించదు. విలేఖరి దృష్టికి రాదు. తన కేసు వరకే చూసుకునే లాయరు దృష్టికీ రాకపోవచ్చు. ఏడాది పొడుగునా తీర్పులు చదువుతూ, వాటి మధ్య పొత్తు కుదురుతోందా లేదా అని చూసుకునేవాడికే కనిపిస్తుంది. అది పాఠం చెప్పేవాడి పని.

లేఖలో ఇంకో మాట ఉంది. వీలైతే మారువేషంలో, పేదవాడి రూపంలో, దేశాయిగంజ్ చుట్టుపక్కల ఊళ్ల పోలీస్ స్టేషన్లకు వెళ్లి చూడమని ప్రధాన న్యాయమూర్తినే కోరారు. ఇది విన్నప్పుడు కొంతమంది లాయరు మిత్రులు ముఖం చిట్లిస్తారు. నాకైతే ఆ మాటలో అమర్యాద కనపడదు. న్యాయమూర్తి మీద నమ్మకం ఉన్నవాళ్లే అలా అడగగలరు.

తర్వాత జరిగినదాన్ని పెంచి చెప్పడం నాకిష్టం లేదు. చట్టాన్ని మార్చింది మహిళా ఉద్యమం. 1980 మార్చి 8న చాలా నగరాల్లో ఆడవాళ్లు ఊరేగింపులు తీసి కేసు తిరిగి విచారించమన్నారు. సుప్రీంకోర్టు రివ్యూ పిటిషన్‌ను కొట్టేసింది. ఆ ఇద్దరి విడుదల అలాగే నిలిచింది. కానీ ఆ ఏడాదే లా కమిషన్ 84వ నివేదిక ఇచ్చింది, 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమై, దానికి కనీసం పదేళ్ల శిక్ష వచ్చింది. సాక్ష్య చట్టంలో 114ఏ సెక్షన్ చేరింది. అలాంటి కేసులో లైంగిక చర్య రుజువై, తను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించి తీరాలి. 2013లో ఇంకో అడుగు పడింది. ఒంటితో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో స్త్రీ సమ్మతించినట్టు కాదు అన్న వాక్యం చట్టంలోకి ఎక్కింది. 1979 లేఖలో మూలమైన వాదన అదే. పార్లమెంటుకు చేరడానికి 34 ఏళ్లు పట్టింది.

హైదరాబాద్‌వాళ్లకు ఇక్కడ రమీజా బీ గుర్తు రాక మానదు. అదే 1978, మార్చి నెలాఖరు. నల్లకుంట పోలీసుల చేతుల్లో ఆమెపై అత్యాచారం, రిక్షా తొక్కే ఆమె భర్త మృతి. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారి, 1981లో నిందితులంతా బయటపడ్డారు. అక్కడా ఆమె నడవడి గురించే ఎక్కువ మాట్లాడారు. హైదరాబాద్ వీధుల్లో వచ్చిన కోపం ఎంత నిజమైందో, దాన్ని సెక్షన్ల భాషలోకి మార్చి చెప్పేవాళ్ల అవసరమూ అంత ఉందని నాకు ఈ రెండు కేసులనూ కలిపి చూసినప్పుడు అనిపిస్తుంది.

బక్షి ఒక్క లేఖతో ఆగి ఉంటే ఇంత రాయనవసరం లేదు. 1981లో ఆగ్రా సంరక్షణ గృహంలో ఉంచిన స్త్రీల దుస్థితి మీద పత్రికలో వచ్చిన కథనం చదివి, ఆయనా లతికా సర్కార్ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. జిల్లా జడ్జి వెళ్లి తనిఖీలు చేసి నివేదికలు పంపేలా ఆదేశించింది. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. బాధితుల తరఫున ఎవరైనా కోర్టు తలుపు తట్టవచ్చన్న ప్రజాప్రయోజన వ్యాజ్యం రూపు దిద్దుకున్న రోజులవి, ఆయన పేరు మీదే ఆ కేసు లా రిపోర్టుల్లో ఉంది. 1989లో భోపాల్ బాధితుల కేసును 47 కోట్ల డాలర్లకు రాజీ చేసినప్పుడు కూడా, ఆ రాజీని విమర్శించినవాళ్లలో ఆయన ముందున్నారు.

ఇంతవరకు చదివిన లాయరు మిత్రులు ఏమంటారో తెలుసు. ఇక్కడి న్యాయవాదుల సంఘం, అంటే బార్‌లో ఒక సీనియర్ నా మొహం మీదే అన్నారు: "మాస్టారూ, మీరు నల్లకోటు వేసుకుని జడ్జిగారి ముందు నిలబడరు. ఎదుటి పక్షం ప్రశ్నలకు జవాబు చెప్పరు. రికార్డు చూడకుండా తీర్పు మీద రాయడం ఎంత తేలికండీ?" ఆ మాటలో నిజం ఉంది. రికార్డు చూడనివాడు సాక్ష్యం బలం గురించి తొందరపడి రాయకూడదు. కానీ జడ్జి తన తీర్పులో తనే ఒప్పుకున్న సంగతుల మీద, తనే రాసిన కారణాల మీద రాయడానికి రికార్డు ఎందుకు? మథుర లేఖ ఈ గీత దాటలేదు. పైగా మేం కోర్టులో నిలబడకపోవడం మా ఇష్టంతో కాదు. అడ్వకేటు రోజుకు మూడు గంటలు మించకుండా పాఠం చెప్పుకోవచ్చు. కానీ పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకుడు ప్రాక్టీసు చేయకూడదు, బార్ కౌన్సిల్ నిబంధనలు అలా ఉన్నాయి. చదువు ఒకవైపు, కోర్టు ఒకవైపు అయిపోయాయి. పండితుడైన న్యాయశాస్త్రవేత్తను నేరుగా సుప్రీంకోర్టు జడ్జిగా నియమించవచ్చని రాజ్యాంగం 124వ అధికరణలోనే రాసి పెట్టారు. 1950 నుంచి ఇవాళ్టి దాకా ఆ దారిలో ఒక్క నియామకం కూడా జరగలేదు. బెంచి మీద చోటు లేదు, బార్‌లో చోటు లేదు, ఇక పేపర్లో కూడా రాయకూడదంటే చదివినదంతా ఎవరికి ఉపయోగం?

రెండో అభ్యంతరం కోర్టు ధిక్కారం. కొత్తగా చేరిన అధ్యాపకుల్లో ఈ టెన్షన్ బాగా ఉంటుంది. 1971 నాటి ధిక్కార చట్టం అయిదో సెక్షన్ తెరిచి చూపిస్తాను. విచారణ పూర్తయి తుది తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డల మీద న్యాయమైన వ్యాఖ్య చేయడం ధిక్కారం కాదని స్పష్టంగా ఉంది. జడ్జికి దురుద్దేశం అంటగట్టడం వేరు, జడ్జి రాసిన కారణం నిలవదని చూపించడం వేరు. ఈ తేడా తెలిసినవాడు భయపడాల్సిన పని లేదు, తెలియనివాడు రాయకూడదు.

మూడో అభ్యంతరం మేం చెబితే వినేదెవరని. దీనికి జవాబుగా బనారస్ ఉపన్యాసం గురించి చెబుతాను. 1965 ఫిబ్రవరిలో డీటర్ కొన్రాడ్ అనే జర్మన్ న్యాయశాస్త్రవేత్త బనారస్ హిందూ యూనివర్సిటీలో మాట్లాడారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి హద్దుల్లేవంటున్నారు కదా, మరి ఆ అధికారంతో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణను తీసెయ్యవచ్చా, రాజ్యాంగాన్నే రద్దు చేసి మొఘల్ చక్రవర్తి పాలన తిరిగి తేవచ్చా అని అడిగారు. సొంత దేశంలో హిట్లర్ కాలం చూసిన తరం మనిషి అడిగిన ప్రశ్న అది. ఆ ఉపన్యాసం న్యాయవాది ఎం.కె. నంబియార్ చేతికి చేరింది. ఆయన గోలక్‌నాథ్ కేసులో ఆ వాదన వినిపించారు. ఆ బెంచికి అధ్యక్షత వహించింది మన కోకా సుబ్బారావు. 1967లో ఆ కోర్టు ప్రాథమిక హక్కుల మీద చెయ్యి వేయొద్దని పార్లమెంటుకు చెప్పింది గానీ, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఏ సవరణా చెరపకూడదన్న సూత్రం దాకా వెళ్లలేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో, 13 మంది జడ్జీల్లో ఏడుగురి మెజారిటీతో అదీ జరిగింది. ఆ ఏడుగురిలో జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. నిర్ణాయకమైన అభిప్రాయం రాసిన జస్టిస్ ఖన్నా తన తీర్పులో కొన్రాడ్‌ను ప్రస్తావించారు. ఒక యూనివర్సిటీ హాల్లో చెప్పిన మాట ఎనిమిదేళ్లలో రాజ్యాంగానికి కాపలా అయింది. ఆ రోజు హాల్లో ఉన్న విద్యార్థులెవరికైనా ఇది ఇంత దూరం పోతుందని తట్టి ఉంటుందా?

నేను మాట్లాడమంటున్నది టీవీలో తీర్పు రోజున జరిగే చర్చల గురించి కాదు. అయోధ్య తీర్పు 1045 పేజీలు. కోర్టు చదివి వినిపించి లేచిన కాసేపటికే స్టూడియోల్లో విశ్లేషణలు మొదలయ్యాయి. ఎవరు గెలిచారో చెప్పడానికి ప్రొఫెసరు అక్కర్లేదు. "ఇంకా చదవలేదండీ, చదివాక చెబుతాను" అనే ప్రొఫెసరును ఏ చానెలూ రెండోసారి పిలవదు, అయినా అనాల్సింది అదే. మథుర లేఖ తీర్పు వచ్చిన ఏడాదికి వచ్చింది, ఆలస్యమైనందుకు దాని బలం తగ్గలేదు.

అసలు ఇబ్బంది మా కాలేజీల్లోనే ఉంది. జర్నల్‌లో ఇంగ్లీషు పేపరు వేస్తే ప్రమోషన్‌కు పాయింట్లు వస్తాయి. తెలుగు దినపత్రికలో ఒక తీర్పును విడమరిచి రాస్తే పాయింట్లు రావు. నేను గతంలో పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో, భూసేకరణ తీర్పు మీద రాసిన వ్యాసం పేపర్లో పడిన మర్నాడు ప్రిన్సిపాల్‌గారు పిలిపించి, ఇకపై రాసేముందు మేనేజ్‌మెంట్ అనుమతి తీసుకోమన్నారు. వ్యాసంలో తప్పేమైనా ఉందా అని అడిగితే, "తప్పుందని ఎవరన్నారండీ, మనకెందుకని" అన్నారు. ఆ "మనకెందుకు" కిందే మా వృత్తి నలిగిపోతోంది. అంబేద్కర్ 1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటికే మహద్ చెరువు పోరాటం నడిపిన మనిషి, ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా రాయడం, మాట్లాడడం మానలేదు.

తెలుగులో రాసేవాళ్లు లేకపోలేదు. నల్సార్‌లో పాఠాలు చెప్పి, తర్వాత కేంద్ర సమాచార కమిషనర్‌గా చేసిన మాడభూషి శ్రీధర్ చట్టాల గురించి తెలుగులో చాలా రాశారు. అయితే రెండు రాష్ట్రాల్లో ఉన్న లా కాలేజీల సంఖ్యతో పోల్చుకుంటే రాసేవాళ్లు తక్కువ. 2019 నుంచి సుప్రీంకోర్టు కొన్ని తీర్పులను తెలుగులోకి అనువదించి వెబ్‌సైట్‌లో పెడుతోంది. అది మంచి పనే. కానీ అనువాదం చేతికిస్తే చాలదు. అందులో ఏ పేరా కొత్త, ఏది పాతదే మళ్లీ చెప్పింది, మన తహసీల్దారు ఆఫీసులో, మన స్టేషన్‌లో రేపటి నుంచి ఏం మారాలి, ఇవి చెప్పేవాడు కావాలి. అమరావతిలో ఒక హైకోర్టు, హైదరాబాద్‌లో ఒక హైకోర్టు రోజూ తీర్పులిస్తున్నాయి. ప్రతి లా కాలేజీలో రాజ్యాంగ చట్టం చెప్పే ఒక్కరు నెలకు ఒక్క తీర్పు పట్టుకుని తెలుగులో రాస్తే, ఎన్ని రకాల మనుషులకు అందుతుందో నా అనుభవం చెబుతోంది.

కొత్త నేర చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన రోజుల్లో, ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదన్న వాక్యం భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో భద్రంగా ఉందని ఒక వ్యాసం రాశాను. మథుర కేసు కథంతా చెప్పాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఒక మహిళా సబ్ ఇన్‌స్పెక్టర్‌ది. "సార్, పాత 114ఏ కొత్త సాక్ష్య చట్టంలో ఎక్కడుంది? మా స్టేషన్‌లో ఎవరికీ దొరకలేదు, రేపు చార్జిషీటు వేయాలి" అని అడిగారు. 120వ సెక్షన్ అని రాసి, చదివి వినిపించడానికి వీలుగా దాని తెలుగు పాఠం కూడా ఆ రాత్రే పంపాను.